పల్నాడులో పురుగుమందుల నిర్వహణ – స్త్రీల భాగస్వామ్యం

పురుగుమందులు, శీతలీకరణ వాయువులు మొదలైన హానికర రసాయనాల ఉత్పత్తి, అమ్మకం, వాడకం, నిల్వ, పారవేతలను ప్రజలకు, పర్యావరణానికి కీడు కలుగకుండా నియంత్రించడాన్ని రసాయనాల నిర్వహణ అంటారు. ఇందుకై చేపట్టే పథకాలలో స్త్రీ పురుషుల పనులు, రసాయనాలకు వారు గురయ్యే తీరు, నిర్ణయాధికారం వేరువేరుగా ఉంటాయని గుర్తించి, దానికి తగిన చర్యలు చేర్చడాన్ని లింగ సమానతా దృక్పథం అంటారు. ప్రత్తి, మిరప పంటలు విస్తారంగా పండే పల్నాడు ప్రాంతం ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఒక ముఖ్యమైన ఉదాహరణ.

నేపథ్యం

పల్నాడు కృష్ణా నదికి దక్షిణాన ఉన్న ప్రాంతం. పూర్వం గుంటూరు జిల్లాలో భాగంగా ఉండేది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. మాచర్ల, గురజాల, సత్తెనపల్లి, వినుకొండ, చిలకలూరిపేట ఇందలి ఇతర ముఖ్య పట్టణాలు. నాగార్జున సాగర్ కుడి కాలువకు 1967లో నీరు విడుదలైన తరువాత ఇక్కడి మెట్ట వ్యవసాయం చాలావరకు మారిపోయింది. కాలువ నీరు అందిన చోట వరి, మిగిలిన చోట్ల ప్రత్తి, మిరప ప్రధాన పంటలయ్యాయి.

ఈ రెండు వాణిజ్య పంటలకూ చీడపీడల బెడద ఎక్కువ. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాలలో తెల్లదోమ ప్రత్తిని నాశనం చేసింది. ఎన్నిమార్లు మందు కొట్టినా పురుగు చావకపోవడంతో అప్పుల పాలైన రైతులు పలువురు ఆత్మహత్య చేసుకున్నారు. 2002లో బీటీ ప్రత్తి సాగుకు అనుమతి లభించాక కాయతొలుచు పురుగుపై మందుల వాడకం కొంతకాలం తగ్గింది. కాని రసం పీల్చే పురుగులు, ఆ తరువాత గులాబీ రంగు పురుగు సమస్యగా మారాయి. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. అప్పుడు కూడా రైతులు మందుల మీద మందులు కొట్టవలసి వచ్చింది.

పొలంలో పని విభజన

మందు కొట్టే పంపు భుజాన వేసుకునేది సాధారణంగా పురుషుడు. అందువలన పురుగుమందుల ప్రమాదం మగవారికే అనే అభిప్రాయం ఏర్పడింది. శిక్షణలకు పిలిచేదీ, చేతి తొడుగులు, ముఖానికి ముసుగు పంచేదీ వారికే. పొలంలో జరిగేది దీనికి భిన్నంగా ఉంటుంది. ఈ కింది పనులను ఎక్కువగా స్త్రీలే చేస్తారు.

- బిందెలతో నీరు మోసి తెచ్చి, గాఢమైన మందును నీటిలో కలిపి, పంపు నింపడం
- మందు కొట్టిన చేలో కలుపు తీయడం
- ప్రత్తి తీయడం, మిరపకాయలు కోయడం
- కోసిన మిరపకాయలను కల్లాలలో ఆరబెట్టడం, తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం
- మందు కొట్టినవారి బట్టలు ఉతకడం

వీటిలో మొదటిది మిక్కిలి ప్రమాదకరం. పంపులోని ద్రావణం పలుచనిది. డబ్బాలోని మందు దానికి అనేక రెట్లు గాఢమైనది. దానిని వట్టి చేతులతో కలిపితే చర్మం ద్వారా శరీరంలోకి చేరుతుంది. కలుపు తీసే కూలీ మందు కొట్టిన మరునాడే చేలోకి దిగితే తడి ఆకులు రోజంతా ఒంటికి రాసుకుంటూనే ఉంటాయి. ఏ చేలో ఏ మందు ఎప్పుడు కొట్టారో ఆమెకు చెప్పే ఏర్పాటు సాధారణంగా ఉండదు. మిరప కోతల కాలంలో ఇతర జిల్లాల నుండి కుటుంబాలతో సహా వలస వచ్చి పొలాల వద్దనే గుడారాలు వేసుకునే కూలీల విషయంలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ.

ఆరోగ్యంపై ప్రభావం

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల పనికి అవసరమైన ఎసిటైల్ కొలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. తలనొప్పి, వాంతులు, విపరీతమైన చెమట, కండరాలు అదరడం, కంటిపాప కుంచించుకుపోవడం, ఊపిరి ఆడకపోవడం దీని లక్షణాలు. ఎండోసల్ఫాన్ వంటి ఆర్గానోక్లోరిన్ మందులు కొవ్వులో నిల్వ ఉంటాయి. ఇవి గర్భస్థ శిశువుకూ, తల్లిపాల ద్వారా బిడ్డకూ చేరగలవు. కనుక గర్భిణులు, బాలింతల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం.

ఆంధ్ర ప్రదేశ్ ప్రత్తి రైతులపై ఫ్రాన్సెస్కా మాన్సిని బృందం జరిపిన అధ్యయనం 2005లో ప్రచురితమైనది. మూడు గ్రామాలలో 50 మంది స్త్రీలు పంటకాలం పొడవునా తమకూ, తమ ఇంటి మగవారికీ కనిపించిన లక్షణాలను స్వయంగా నమోదు చేశారు. నమోదైన 323 సంఘటనలలో 83.6 శాతం వాటిలో స్వల్పం నుండి తీవ్రం వరకు విషప్రభావ లక్షణాలు కనిపించాయి. మందు కలపడం, పంపు నింపడం వంటి స్త్రీల పనులు మందు కొట్టడంతో సమానంగా ప్రమాదకరమని ఈ అధ్యయనం తేల్చింది. 6 శాతం సందర్భాలలో లక్షణాలు అతి తీవ్రంగా ఉన్నా ఒక్కరు కూడా వైద్యుని వద్దకు వెళ్ళలేదు. సన్నకారు రైతులు భూస్వాములకంటే ఎక్కువగా తీవ్ర విషప్రభావానికి గురయ్యారు.

ఈ చివరి అంశాలు ముఖ్యమైనవి. ఆసుపత్రికి వెళ్ళని రోగి ఏ లెక్కలోనూ చేరదు. కూలి పోతుందని తలనొప్పిని ఓర్చుకునే స్త్రీకి జరిగిన హాని ఎండదెబ్బగానో, నీరసంగానో మరుగున పడిపోతుంది.

చట్టాలు, ఒప్పందాలు

భారతదేశంలో పురుగుమందులను 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం, 1971 నాటి నియమాలు నియంత్రిస్తున్నాయి. డబ్బాపై విష తీవ్రతను తెలిపే త్రికోణం ఉండాలి. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషపూరితం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. పనివారికి రక్షణ దుస్తులు, ప్రథమ చికిత్స గురించి నియమాలలో నిబంధనలున్నాయి. విషప్రభావ సంఘటనలను తప్పక తెలియజేయాలని ఆదేశించే అధికారం చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. సుప్రీం కోర్టు 2011 మే నెలలో ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది. 36 శాతం ద్రవరూప మోనోక్రోటోఫాస్‌పై కేంద్ర ప్రభుత్వం 2023లో నిషేధపు ఉత్తర్వు జారీ చేసింది.

అంతర్జాతీయంగా 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రముఖమైనది. చిరకాలం నశించని సేంద్రియ కాలుష్యాల వలన స్త్రీలకు, వారి ద్వారా రాబోయే తరాలకు కలిగే హానిని ఈ ఒప్పందపు పీఠికే ప్రస్తావించింది. భారతదేశం దీనిని 2006 జనవరిలో ధ్రువీకరించింది.

ఓజోన్ పొర పరిరక్షణ

ఓజోన్ పొరను క్షీణింపజేసే పదార్థాలను తొలగించడానికి 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒడంబడిక కుదిరింది. భారతదేశం 1992లో ఇందులో చేరింది. గిడ్డంగులలోని ధాన్యానికి, నేలకు పొగబెట్టడానికి వాడే మిథైల్ బ్రోమైడ్ కూడా ఈ పదార్థాలలో ఒకటి. వర్ధమాన దేశాలు దీనిని 2015 నాటికి తొలగించవలసి ఉండగా, ఎగుమతి, దిగుమతి సరకుల క్వారంటైన్ అవసరాలకు మినహాయింపు ఉంది. ఆ విధంగా వ్యవసాయ రసాయనాల సమస్య, ఓజోన్ సమస్య ఒకచోట కలుస్తాయి.

మిరప నిల్వ చేసే పెద్ద శీతల గిడ్డంగులలో సాధారణంగా అమ్మోనియా వాడతారు. అది ఓజోన్‌కు హాని చేయదు కాని, లీకైతే లోపల పనిచేసేవారి కళ్ళకు, ఊపిరితిత్తులకు ప్రమాదం. ఇళ్ళలోని ఏసీలలో వాడుతూ వచ్చిన హెచ్‌సీఎఫ్‌సీ-22 క్రమంగా తొలగుతున్నది. దీనికై మరమ్మతు పనివారికి శిక్షణలు జరుగుతున్నాయి. ఈ వృత్తిలో స్త్రీలు బహు తక్కువ. మాంట్రియల్ ఒడంబడికకు నిధులు సమకూర్చే బహుళపక్ష నిధి 2019 డిసెంబరులో లింగ సమానతా విధానాన్ని ఆమోదించింది. పథకాల తయారీ నుండి నివేదికల వరకు ఈ దృక్పథం ఉండాలన్నది దాని సారాంశం.

ఆంధ్ర ప్రదేశ్ అనుభవం

ఖమ్మం జిల్లా (ప్రస్తుత భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) పునుకుల గ్రామం 2000 దశకం తొలి సంవత్సరాలలో పురుగుమందులు లేని గ్రామంగా పేరుపొందింది. ఈ మార్పులో మహిళా సంఘాల పాత్ర ప్రధానమైనది. 2004-05 నుండి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మహిళా పొదుపు సంఘాల సమాఖ్యల ద్వారా పురుగుమందులు లేని సేద్యాన్ని ఇతర గ్రామాలకు విస్తరించింది. దీని కొనసాగింపుగా రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారం లభించింది. ఇందులోనూ మహిళా సంఘాలే పునాది.

అయితే ఒక విమర్శ ఉంది. వేప కషాయం, జీవామృతం తయారీకి ఆకులు కోయడం, నూరడం, పేడ, మూత్రం సేకరించడం వంటి అదనపు పనులు తరచు ఇంటి ఆడవారిపైనే పడతాయి. విషం తగ్గినా చాకిరి పెరగవచ్చు. అందుచేత కషాయాలను తయారుచేసి అమ్మే గ్రామస్థాయి దుకాణాలకు ప్రాధాన్యత ఏర్పడింది.

చేర్చదగిన అంశాలు

పల్నాడు వంటి ప్రాంతంలో రసాయనాల పథకం రూపొందించేటప్పుడు ఈ దృక్పథం ప్రకారం గమనించవలసినవి:

- విషప్రభావ కేసులను స్త్రీ పురుషులవారీగా, మందు కొట్టేవారు, కలిపేవారు, కలుపు తీసేవారు అనే వివరంతో నమోదు చేయడం
- భూమి పట్టా ఉన్నవారినే కాక కూలీలను కూడా శిక్షణకు పిలవడం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగుదారులుగా లెక్కకు వచ్చిన స్త్రీలు సుమారు 14 శాతమే
- కూలి నష్టపోని వేళలలో, చదవడం రానివారికి బొమ్మల ద్వారా త్రికోణపు రంగుల అర్థం తెలియజేయడం
- స్త్రీల చేతులకు సరిపడే కొలతలలో తొడుగులు ఇవ్వడం
- మందు కొట్టిన చేలో ఎన్ని రోజుల వరకు దిగరాదో గట్టున గుర్తు పెట్టడం
- ఖాళీ డబ్బాలు నీళ్ళకు, నూనెకు వాడకుండా తిరిగి సేకరించడం

వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. మందు ప్రమాదం పంపు మోసేవారితోనే ఆగదని, దానిని నింపే చేతులనూ, మరునాడు అదే చేలోకి దిగే కూలీనీ లెక్కలోకి తీసుకోవాలని గుర్తించడమే వీటన్నిటికీ మూలం.