కొలువు విడువక పై చదువు

డిగ్రీ ముగించి, ఉద్యోగమున కుదురుకొని, నెల తిరుగకముందే ఇంటి అద్దెయు, పిల్లల బడి ఫీజులును, బండి వాయిదాలును కట్టుకొను గృహస్థునకు ముప్పదియవ యేట ఎం.బి.ఏ. చదువవలెనను కోరిక పుట్టినచో, పాఠ్యగ్రంథములకంటె ముందుగా అతని కన్నుల యెదుట నిలుచునది ఫీజు. ఆ ధనము ఏ దారిని వచ్చినదను దానిని బట్టియే చదువు చవుకయో ప్రియమో తేలును.

మన ప్రాంతమున ఇట్టివారికి తలుపు తెరచిన సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున వెలసినది. తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ధరించిన ఆ సంస్థ దేశమున ఈ తరహా విద్యకు మొదటిది. దాని ప్రథమోపకులపతియైన ఆచార్య జి. రామరెడ్డియే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును ప్రథమోపకులపతి యయ్యెను. ఇట్టి చోట్ల ఫీజును విడతలుగా కట్టుకొను వీలుండుటచే, జీతములో కొంత పక్కన బెట్టుకొన్నవానికి అప్పుతో పని యుండదు. ఇంజనీరింగు వంటి చదువులు మాత్రము దూరవిద్యలో నడపరాదు గనుక, వానికై సాయంకాలపు తరగతులనో వారాంతపు తరగతులనో ఆశ్రయింపవలెను. అచ్చట ఖర్చు హెచ్చు.

అప్పుడు మనవాని చూపు సహజముగా చిట్టీ మీదికి పోవును. ఇరువదిమంది సభ్యులు నెలకు 5,000 రూపాయల చొప్పున కట్టు లక్ష రూపాయల చిట్టీని, మూడవ నెలలో ఒకడు 25,000 వదులుకొని పాడుకొనె ననుకొందము. చేతికి 75,000 అందును. వదలిన సొమ్ములో కంపెనీ కమీషను, 2019 నాటి సవరణ ప్రకారము గరిష్ఠముగా నూటికి 7 లెక్కన 7,000 పోగా, తక్కిన 18,000 పంచినచో తలకు 900 డివిడెండు. ఇక పాడుకొన్నవాడు మిగిలిన పదునేడు నెలలును వాయిదా తప్పక కట్టుచుండవలెను. ముందుచూపుతో ఎప్పుడో చేరి, ఫీజు గడువు నాటికి చివరి నెలలలో ఎత్తుకొన్నవానికి చిట్టీ పొదుపు. అడ్మిషను వచ్చినదని తొందరపడి మొదటనే పాడుకొన్నవానికి అది అధికవడ్డీ అప్పే.

బ్యాంకు ఋణమునకు పన్ను రాయితీ గలదని అందరును చెప్పుదురు గాని, ఎంతయో చెప్పువారు తక్కువ. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున 80ఇ సెక్షనుగా ప్రసిద్ధికెక్కిన ఈ మినహాయింపు వడ్డీకే గాని అసలునకు లేదు. ఎనిమిదేండ్లకు మించి రాదు. కొత్త పన్ను విధానమును ఎంచుకొన్నవారికి అసలే లేదు. మేనమామ వద్ద తెచ్చిన బదులునకు వడ్డీ కట్టినను లెక్కకు రాదు. రెండు లక్షల అప్పుపై నూటికి 10 చొప్పున ఏటి వడ్డీ 20,000 అయినచో, నూటికి 20 పన్ను శ్లాబులో నున్నవానికి సెస్సుతో కలిపి మిగులునది 4,160 రూపాయలు. ఇంత మాత్రమునకై అప్పు చేయుట నా దృష్టిలో అవివేకము. పిల్లల ట్యూషను ఫీజునకు 80సి క్రింద మినహాయింపు నిచ్చిన ఆ చట్టమే తండ్రి తన చదువునకు కట్టిన ఫీజునకు ఏమియు నీయలేదు. పెద్దవాని చదువనగా ప్రభువులకు ఇంత చిన్నచూపేల యని అడుగ బుద్ధి యగును.

కంపెనీయే ఫీజు భరించుట అన్నిటికంటె మేలుగా తోచును. అమెరికాలోనైతే యజమాని ఉద్యోగి చదువునకై ఏటికి 5,250 డాలర్ల వరకు ఇచ్చినది, నిర్ణీత నియమములకు లోబడి, అతని ఆదాయముగా లెక్కింపబడదు. అచ్చట కొలువు చేయు మన తెలుగువారికిని ఇది పనికివచ్చును. ఇక్కడ అట్టి సాయము వెంట తరచుగా బాండు వచ్చును: చదువు ముగిసిన పిమ్మట ఇన్నేండ్లు కదలరాదు, కదలినచో సొమ్ము తిరిగి కట్టవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము బాండులో వ్రాసిన మొత్తము హద్దు మాత్రమే. న్యాయస్థానము దానికి లోబడి సమంజసమైన పరిహారమునే ఇప్పించును. అయినను కోర్టు మెట్లెక్కు ఓపిక ఎందరికుండును? కావున సంతకమునకు ముందే హెచ్.ఆర్. వారిని అడుగదగినవి కొన్ని గలవు: ఫీజు తామే ముందుగా కట్టుదురా, పాసైన పిమ్మట తిరిగి ఇత్తురా, ఒక పేపరు తప్పినచో ఏమగును, బాండులో సగకాలము పనిచేసి వెడలినచో చెల్లింపవలసినది సగమా, మొత్తమా. జవాబు ఈ-మెయిలులో తెప్పించుకొనుట మంచిది; నోటిమాటగా చెప్పిన మేనేజరు మన బాండు తీరువరకు అదే కంపెనీలో నుండునని నమ్మకము లేదు.