ఖయ్యూంఖాన్ పక్షాంతరము

పక్షము మారినవానినెల్ల ద్రోహి యనుట మా మతము గాదు. నమ్మకము మారినపుడు పక్షము మారుట న్యాయమే. కాని మారినవాడు తన నిన్నటి మాట ప్రజల కంటబడకుండ జేయుటకు రాజ్యాధికారము నుపయోగించినచో దాని నేమనవలెను? పెషావరు రాజకీయములలో ఖాన్ అబ్దుల్ ఖయ్యూంఖాన్ చరిత్రను చదువునపుడు మాకీ ప్రశ్న తప్పుట లేదు.

ఆయన 1901లో చిత్రాలునందు జన్మించెను. కాశ్మీర వంశజుడు, వృత్తిచే బారిష్టరు. ఢిల్లీ కేంద్ర శాసనసభలో భూలాభాయి దేశాయిగారు కాంగ్రెసు నాయకులుగా నున్నపుడు ఆయన ఉపనాయకుడు. 1945లో బొంబాయినుండి 'గోల్డ్ అండ్ గన్స్ ఆన్ ది పఠాన్ ఫ్రాంటియర్' అను ఆంగ్లగ్రంథమును వెలువరించెను. అందు మన మెరిగిన సరిహద్దుగాంధీ అబ్దుల్ గఫార్ఖానుగారిని కొనియాడెను. దేశవిభజన వాదమును ఖండించెను. అచ్చు సిరా ఆరెనో లేదో, ఆ యేడే ఆయన ముస్లింలీగులో చేరెను!

గఫార్ఖాన్ సోదరుల నీడలో తనకు ప్రథమస్థానము దొరకదని ఆయన గ్రహించెనని మా యూహ. ముస్లిం జనసామాన్యమున వీచుచున్న గాలిని ముందుగా పసిగట్టెనని ఆయన మిత్రు లందురు. రెండును నిజము కావచ్చును. ఏమైనను ఫలము వెంటనే దక్కలేదు. 1946 ఎన్నికలలో సరిహద్దు రాష్ట్రపు 50 స్థానములలో కాంగ్రెసుకు 30, లీగుకు 17 వచ్చెను. డాక్టరు ఖాన్ సాహెబుగారు ప్రధానమంత్రి, ఖయ్యూంఖాన్ ప్రతిపక్షనాయకుడు.

1947 జూలైలో జరిగిన ప్రజాభిప్రాయసేకరణను కాంగ్రెసు బహిష్కరించెను. పాకిస్తానుకు 2,89,244 వోట్లు, హిందూస్థానమునకు 2,874 వోట్లు పడెను. మొత్తము వోటర్లలో పాకిస్తానును కోరినవారు సగమునకు కొంచె మెక్కువ. దానిని కాదనుట సాధ్యము గాదు. కాని ఆగస్టు 22న శాసనసభ నడుగకయే ఖాన్ సాహెబు మంత్రివర్గమును బర్తరఫు చేసి, సభలో అల్పసంఖ్యాకుడైన ఖయ్యూంఖానును గద్దె నెక్కించుట యే ప్రజాస్వామ్యమో మాకు బోధపడదు.

అటుపిమ్మట జరిగినది దారుణము. 1948 జూన్‌లో గఫార్ఖానును నిర్బంధించిరి. ఆగస్టు 12న చార్సద్దా సమీపమున బాబ్రా గ్రామమందు ఖుదాయీ ఖిద్మత్గారుల సమూహముపై తుపాకులు ప్రేల్చిరి. మృతుల సంఖ్యను ప్రభుత్వము అత్యల్పముగా చెప్పెను. ఖిద్మత్గారులు వందలలో చెప్పిరి. ఏ యుద్యమమును తన గ్రంథమున శ్లాఘించెనో దానినే యాయన ప్రభుత్వము నిషేధించెను. ఆ గ్రంథమును సైతము నిషేధించెను. తన పుస్తకమును తానే నిషేధించుకొన్న గ్రంథకర్తలు లోకమున అరుదు.

ఆయన పాలనలో మంచి లేకపోలేదు. పెషావరు విశ్వవిద్యాలయము 1950లో వెలసినది. 1951 ఎన్నికలలో లీగు ఘనముగా గెలిచినది. అక్రమములు జరిగెనని ప్రతిపక్షము మొరపెట్టుకొన్నది. 1953లో ఆయన కేంద్రమంత్రి యయ్యెను. 1954 అక్టోబరులో ఆ మంత్రివర్గమును మార్చినపుడు ఆయనకు చోటు దొరకలేదు. క్రొత్తగా చేరినవారిలో ఒకరు డాక్టరు ఖాన్ సాహెబు! 1955లో ఆ ఖాన్ సాహెబే పశ్చిమ పాకిస్తాను ముఖ్యమంత్రి యై, మరుసటి యేడు రిపబ్లికన్ పక్షమును స్థాపించెను. అన్నదమ్ముల దారులును అట్లు చీలినవి.

1970 ఎన్నికలలో ఖయ్యూంఖాన్ తన పేరిటి లీగుతో జాతీయసభలో 9 స్థానములు సంపాదించెను. 1972లో భుట్టో ప్రభుత్వమున దేశాంగమంత్రి యయ్యెను. 1975లో గఫార్ఖాన్ కుమారుడు వలీఖాన్ నాయకత్వముననున్న నేషనల్ అవామీ పక్షమును నిషేధించునాటికి ఆ శాఖ ఆయన చేతనే యున్నది. తండ్రిని చెరసాలకు పంపిన ముప్పదేండ్లలోపుననే కొడుకు వంతు వచ్చెను.

1977 ఎన్నికలలో ఆయన పక్షము మట్టికరచెను. 1981లో ఆయన మరణించెను. గఫార్ఖానుగారు 1988 జనవరిలో పెషావరులో కన్నుమూసిరి. ఆయన కోరిక మేరకు సరిహద్దు దాటించి జలాలాబాదులో సమాధి చేసిరి.