మునిగిన ఓడ చూసి.. వెంటనే విమానమా?

1971లో విశాఖ దగ్గర మునిగిన పాక్ జలాంతర్గామి కథతో 2017లో ‘ఘాజీ’ వచ్చింది. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్‌లో ఉంటూ సెలవుల్లో మునిగిన ఓడల్ని చూసేందుకు స్కూబా డైవింగ్‌కు వెళ్తున్నారా? అయితే ఇది మీకోసమే.

30 మీటర్ల లోతులో ఒంటిపై ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి నాలుగింతలు. పీల్చే గాలిలోని నైట్రోజన్ కణజాలంలో కరిగిపోతుంది. గబగబా పైకొచ్చినా, వెంటనే విమానమెక్కినా అది సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. కీళ్లనొప్పులు, తిమ్మిర్లు, ఆయాసం మొదలవుతాయి.

* మర్నాడు షూటింగ్ ఉన్నా తొందరపడొద్దు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు ఆగాకే విమానమెక్కండి.
* జలుబుంటే దిగొద్దు. నీటిలో ఊపిరి బిగపట్టొద్దు.
* లక్షణాలు కనిపిస్తే ఆక్సిజన్ పెట్టించుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డైవింగ్ చేసిన సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.