గుడి, మసీదు, చర్చి: తగాదా అంతా స్థలం దగ్గరే

ప్రార్థనా మందిరం కట్టుకునే హక్కుకు భారత రాజ్యాంగంలో రెండు ఆధారాలున్నాయి. 25వ అధికరణ ప్రతి మనిషికీ తన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇస్తుంది. 26వ అధికరణ మతశాఖలకు సంస్థలు నెలకొల్పుకునే, ఆస్తి సంపాదించుకునే హక్కు ఇస్తుంది. రెండింటికీ మొదటి మాటల్లోనే షరతు ఉంది: శాంతిభద్రతలకు, నైతికతకు, ప్రజారోగ్యానికి లోబడి ఉండాలి. ఆస్తి నిర్వహణ చట్టప్రకారం జరగాలి. కాబట్టి దేవుణ్ణి కొలుచుకునే హక్కు వేరు, ఫలానా సర్వే నంబరులోనే గోడలు లేపే హక్కు వేరు. తెలుగునాట రేగిన తగాదాల్లో చాలావరకు రెండోదాని గురించే. మాట్లాడేది మాత్రం మొదటిదాని పేరుతో.

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి పక్కనున్న గాండ్లపెంట లాంటి మండలాల్లో ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. రాయలసీమ పల్లెల్లో ఊరి నడుమ రామాలయమో భజన మందిరమో ఉంటుంది, ఇంకో పక్క పీర్ల చావిడి, చాలాచోట్ల ఎస్సీ కాలనీలో చర్చి ఉంటాయి. పీర్ల పండగలో హిందువులు మొక్కులు తీర్చుకోవడం ఇక్కడ వింత కాదు. అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో కుళ్ళాయిస్వామి పీరుకు మొహర్రం నాడు హిందువులే తండోపతండాలుగా వస్తారు. విజయనగర రాజులకు రెండో రాజధానిగా ఉన్న పెనుకొండలో జైన బసది, వైష్ణవ, శైవ ఆలయాలు, షేర్‌ఖాన్ మసీదు, బాబా ఫక్రుద్దీన్ దర్గా ఒకే పట్టణంలో ఉన్నాయి. పాతవాటి దగ్గర జగడాలు తక్కువ. కొత్తగా పునాది తవ్వినప్పుడే గొడవ మొదలవుతుంది.

దానికి ముఖ్య కారణం భూమి. గ్రామకంఠం ఎవరిదో ఊళ్లో ఎవరికీ సరిగా తెలియదు. చెరువు, వాగు పోరంబోకుల్లో కట్టడాలు చట్టరీత్యా చెల్లవు. పేదలకు ప్రభుత్వమిచ్చిన డీకేటీ పట్టా భూమిని అమ్మడం, దానంగా రాసివ్వడం 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. 2023లో సడలింపు వచ్చేదాకా పరిస్థితి అదే. భక్తితో ఇచ్చిన సెంటు స్థలం కూడా కాగితాల దగ్గర చిక్కుపడేది ఇందుకే. దానికి తోడు, జనం గుమికూడే ప్రార్థన కోసం కట్టే భవనానికి ముందస్తు అనుమతి కావాలని పంచాయతీ భవన నిబంధనలు చెబుతాయి. ఇతర వర్గాల మనోభావాలు గాయపడతాయనిపిస్తే అధికారి నిరాకరించవచ్చు. ఎవరి మనోభావం, ఎంత గాయం అన్నది తేల్చేదీ ఆయనే. ఈ వ్యవస్థలో బలహీనమైన కీలు ఇదే.

ఊరి గుడి గడప దాటనివ్వకపోవడం వల్ల వేరుగా వెలసిన గుళ్లు, చర్చిలు కూడా తక్కువ కాదు. అనంతపురం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది కనుక, దళితులకు ఆలయాలు తెరిచిన 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం ఇక్కడా అమలైంది. తర్వాత 25వ అధికరణలోని రెండో భాగం హిందూ ఆలయాలను అన్ని వర్గాలకూ తెరిచే చట్టాలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. చట్టం తెరిచిన తలుపు ఊరు తెరవడానికి చాలాకాలం పట్టింది. కొన్నిచోట్ల ఇంకా పడుతోంది.

అనుమతి అనే అధికారం ఎంత దూరం పోగలదో హైదరాబాద్ సంస్థానం చరిత్ర చూపిస్తుంది. నిజాం పాలనలో మత వ్యవహారాల శాఖ అనుమతి లేనిదే కొత్త ప్రార్థనా మందిరం కట్టడానికి వీల్లేదు. పాత గుడి మరమ్మతుకూ, ఆఖరికి హోమగుండానికీ అనుమతి అడుగుతున్నారని ఆర్య సమాజం ఫిర్యాదు చేసింది. అర్జీలు కచేరీల్లో మూలుగుతుండేవి. 1938 డిసెంబరులో షోలాపూర్‌లో మాధవ శ్రీహరి అణే అధ్యక్షతన ఆర్య మహాసభ జరిగింది. 1939 ఆరంభంలో మహాత్మా నారాయణస్వామి నాయకత్వంలో సత్యాగ్రహం ఉధృతమైంది. దేశం నలుమూలల నుంచి వేలమంది వచ్చి అరెస్టయ్యారు. జులైలో నిజాం ప్రభుత్వం సంస్కరణలు ప్రకటించాక ఆగస్టులో ఉద్యమాన్ని విరమించారు. ఆ ఉద్యమంలో రాజకీయం లేదనలేం. ముస్లిం పాలకుడికి వ్యతిరేకంగా హిందూ సమీకరణ అన్న రంగూ దానికుంది. అయినా అసలు డిమాండు న్యాయమైనదే: పూజ చేసుకునే చోటు పాలకుడి దయ మీద ఆధారపడకూడదు. ఆ న్యాయం ఈనాడు ఏ ఊళ్లోనైనా తక్కువ సంఖ్యలో ఉన్నవారికి అంతే వర్తిస్తుంది.

స్వతంత్ర భారతంలో సమస్య తిరగబడింది. అనుమతి దొరక్కపోవడం ఒకవైపు, అనుమతే అడగకుండా రోడ్డు మీద లేచే కట్టడాలు ఇంకోవైపు. వీధులు, పార్కులు, ఇతర బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా కొత్తగా గుడి, చర్చి, మసీదు, గురుద్వారా కట్టనివ్వకూడదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. అప్పటికే ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పరిశీలించమంది. 2018లో పర్యవేక్షణను హైకోర్టులకు అప్పగించింది.

ఒకసారి వెలిసినదాన్ని కదిలించడం ఎంత కష్టమో చార్మినార్ చెబుతుంది. 1591లో కట్టిన ఆ స్మారకం మినారును ఆనుకుని ఉన్న భాగ్యలక్ష్మి గుడి దగ్గర 2012 నవంబరులో పనులు జరగడంతో పాతబస్తీ అట్టుడికింది. హైకోర్టు యథాతథ స్థితి పాటించమంది. మజ్లిస్ పార్టీ కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంది. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధమన్న నిబంధన అప్పటికే ఉంది.

ప్రభుత్వమే కూల్చిన ఉదంతాలూ ఉన్నాయి. 2016 కృష్ణా పుష్కరాల ముందు విజయవాడలో రోడ్ల కోసం గుళ్లు తొలగించారు. వాటిలో కొన్నింటి పునర్నిర్మాణానికి 2021 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. 2020 జులైలో హైదరాబాద్ పాత సచివాలయం కూల్చివేతలో నల్లపోచమ్మ గుడి, మసీదులు దెబ్బతిన్నాయి. ముఖ్యమంత్రి కేసీఆర్ విచారం తెలిపారు. కొత్త సచివాలయంలో గుడి, మసీదు, చర్చి 2023 ఆగస్టు 25న ఒకేరోజు తెరుచుకున్నాయి. ముందే మాట్లాడి ఉంటే తప్పే తలనొప్పి అది.

విదేశాల్లోనూ ఇదే కథ. స్విట్జర్లాండ్‌లో దేశం మొత్తానికీ నాలుగే మినార్లున్నా, 2009 నవంబరులో జరిగిన ఓటింగులో 57 శాతానికి పైగా కొత్తవాటి నిషేధానికి ఓటేశారు. అమెరికాలో 2000 నాటి సమాఖ్య చట్టం, స్థల వినియోగ నిబంధనల పేరుతో ప్రార్థనా మందిరాలపై అనవసర భారం మోపకూడదంటుంది. తెలుగువాళ్లకు బాగా తెలిసిన వేంకటేశ్వరాలయం ఉన్న న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌వాటర్‌లోనే, 2011లో అల్ ఫలా అనే ముస్లిం సంస్థ మసీదుకు అర్జీ పెట్టుకుంది. అర్జీ విచారణలో ఉండగానే టౌన్‌షిప్ నిబంధన మార్చేసింది. సంస్థ ఆ చట్టం కింద కోర్టుకెక్కింది. 2014లో 77.5 లక్షల డాలర్ల రాజీ కుదిరింది, మసీదుకు వేరే స్థలం దొరికింది.

మందిరం కట్టాక మిగిలేది శబ్దం. మద్రాసు శివారు చర్చి ఒకదాని కేసులో 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఇరుగుపొరుగు శాంతిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని తేల్చింది. మైకుల నిబంధనలు అందరికీ ఒక్కటే.

ఊళ్లో గుడో, మసీదో, చర్చో కట్టదలచినవారు విరాళాల పుస్తకం అచ్చువేయకముందే స్థలం అడంగల్, దాని వర్గీకరణ చూసుకోవాలి. పంచాయతీకి అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. నిరాకరిస్తే కారణాలు కాగితం మీద అడగాలి. ఆ కాగితం చేతిలో ఉంటే 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్లే దారి ఉంది.