గాలి లేని పెట్టె

మనము ఇంట్లో ముఖము చూచుకునే అద్దానికి పూత వెనుకవైపు ఉంటుంది. ముందున్న గాజు దానిని కాపాడుతుంది. నక్షత్రాలను చూచే దూరదర్శిని అద్దానికి పూత ముందువైపుననే. అందుచేత ఆ పూత గట్టిగా అంటుకోవాలి. మాసిపోతే తీసివేసి మరల వేయాలి.

మన బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థవారు 2.34 మీటర్ల వెడల్పుగల అద్దాన్ని ఏళ్ల తరబడి సానబట్టి, తమిళనాడులోని కావలూరుకు చేర్చారు. హైదరాబాదులో పెరిగిన వైను బప్పుగారు తలపెట్టిన పని అది. వారు 1982లో గతించారు. దూరదర్శిని 1986లో ప్రారంభమయింది. అన్నేళ్ల శ్రమా ఫలించడానికి కావలసినది, మిల్లీమీటరులో ఇంచుమించు పదివేలవ వంతు మందముగల అల్యూమినియం పొర!

అల్యూమినియాన్ని ఆవిరిచేస్తే, ఆ అణువులు సూటిగా పోయి అద్దాన్ని చేరాలి. గాలి అడ్డముంటే మధ్యలోనే ఢీకొని చెదిరిపోతాయి. గాలి ఒత్తిడిని పదికోట్లవ వంతుకు దించితే, అణువు ఆరేడు మీటర్లు అడ్డులేకుండా పోగలదు. అందుకే ఈ పెట్టె.

పెట్టెకు బలము కావాలన్నది నిజమే. మూడు మీటర్ల వెడల్పుగల మూతమీద బయటి గాలి సుమారు డెబ్బది టన్నుల బరువుతో నొక్కుతుంది. కనుక మూతను బల్లపరుపుగా గాక, బొర్లించిన మూకుడు ఆకారములో చేస్తారు. అయితే అసలు చిక్కు బలము కాదు, శుభ్రత. స్టీలు గోడలకు అంటిన తేమ గంటలకొలది ఊరుతూనే ఉంటుంది. ఒక్క వేలిముద్రలోని జిడ్డు చాలు, పూత పొరలుగా ఊడిపోవడానికి. అందుకే గోడలను నున్నగా మెరుగు పెడతారు. అతుకులను లోపలివైపు సందు లేకుండా వెల్డింగు చేస్తారు. మరమేకు అడుగున చిక్కిన గాలి కూడ వెంటనే బయటపడేటట్లు, మేకు నడుమ సన్నని బెజ్జము వేస్తారు. ఆపైన హీలియం వాయువుతో కారుడు ఉన్నదేమో వెదకుతారు.

ఈ విద్య మన ఊరిలో వేళ్లూనుకున్నది. నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో 2016లో ప్రారంభమైన 3.6 మీటర్ల దూరదర్శిని అద్దానికి పూత వేసే యంత్రాన్ని నిర్మించినది, బెంగుళూరులో 1965లో వెలసిన హింద్ హై వాక్యూమ్ సంస్థయే. అక్కడ నక్షత్రము స్పష్టముగా కనబడిన రాత్రి, ఇక్కడ చేతితొడుగులతో గోడలు తుడిచిన పనివారికి కూడ అందులో పాలున్నది.