ముసలి బాంబరుకు విడిభాగములు

సైకిలు చెయిను తెగినచో అంగడికి పోయి క్రొత్తది కొని తెచ్చుకొందుము. అదే కొలతగల చెయిను ఎక్కడో ఒకచోట తయారగుచునే యుండును. ఆ తయారీ ఆగిపోయి అరువది యేండ్లు గడచినచో ఏమి చేయవలెను? అమెరికా వైమానికదళమునకు బి-52 బాంబరు విషయమున వచ్చిన చిక్కు ఇట్టిదే.

ఈ విమానము మొదట ఎగిరినది 1952 ఏప్రిల్ 15న. బోయింగ్ కంపెనీ మొత్తము 744 నిర్మించి, కడపటిదానిని 1962 అక్టోబరులో అప్పగించినది. వానిలో 76 ఇంకను సేవలో నున్నవి. 2050 దాటినను వీనిని నడుపవలెనని సంకల్పము. వియత్నాంపై బాంబులు కురిపించి అపకీర్తి గడించిన యంత్రమే యైనను, దీని మరమ్మతులో ఇంజనీరింగు విద్యార్థి నేర్వదగినది చాల కలదు.

లోహపు భాగ మొకటి అరిగిన దనుకొందము. కొలతలు తీసి అట్టిదే మరియొకటి చేయవచ్చును గదా యని తోచును. కాని కొలత తెలుపునది ఆకారమును మాత్రమే. ఆ అల్యూమినియములో ఏ లోహము లెంత కలిపిరి, ఎంత వేడిచేసి ఎట్లు చల్లార్చిరి అనునవి ప్రయోగశాలలో శోధించిననే తెలియును. అందులో పొరపాటు జరిగినచో, చూచుటకు పాతదానివలెనే యున్న క్రొత్త భాగము, రెక్క పైకి క్రిందికి ఊగుచుండగా కొన్ని వేల ఊపులకు పగులుబారును. లోహపు అలసట యనగా ఇదియే. కనుక ప్రతి నకలును పరీక్షించిన పిమ్మటగాని బిగింపరు. పది పండ్రెండు భాగములకొరకు ఇంత శ్రమపడుటకు ఏ వర్తకుడు ముందుకు వచ్చును?

సులభోపాయము ఎగురని విమానములనుండి ఊడదీయుట. అరిజోనా రాష్ట్రమున టూసాన్ నగరము చెంత ఎడారిలో పాత విమానములను వరుసలుగా నిలిపియుంచిరి. గాలిలో తేమ తక్కువ గనుక త్రుప్పు అంతగా పట్టదు. నేల గట్టిది గనుక క్రింద సిమెంటు పరువ నక్కరలేదు. 2008లో అచట నిలిపిన బి-52 నొకదానిని 2015లో తిరిగి ఎగిరించిరి. అయితే ఎండకు లోహము నిలిచినట్లు రబ్బరు నిలువదు. గొట్టములు, టైర్లు పెళుసెక్కును, వానిని మార్చవలసినదే.

ఇంజన్ల సంగతి మరింత వినోదకరము. ఒక్కొక్క విమానమునకు ఎనిమిది. ఇంతకాలము మోసిన టి.ఎఫ్.-33 ఇంజన్ల తయారీ 1985లోనే ఆగినది. బదులుగా 2021లో రోల్స్-రాయిస్ ఎఫ్-130ని ఎన్నుకొనిరి. నేటి పెద్ద ఇంజన్లు నాలుగు చాలవా యని విద్యార్థి అడుగవచ్చును. బలమునకు చాలును. కాని పెద్ద ఇంజను నేలకు మరీ దగ్గరగా వ్రేలాడును. పైగా రెక్కచివరి దొకటి ఆగినచో విమానము ఒక ప్రక్కకు గట్టిగా తిరుగబోవును. దానిని ఆపుటకు ఇప్పుడున్న చుక్కాని చాలదు. రెక్కను, చుక్కానిని మార్చుటకంటె ఎనిమిదింటికి ఎనిమిదే మేలు. ఎఫ్-130 ధనికులు, కంపెనీలు వాడు చిన్న జెట్ విమానముల ఇంజను కుటుంబములోనిది. కావున దాని విడిభాగములకు వేరు కొనుగోలుదారులును కలరు. 76 విమానములకు 608 ఇంజన్లు కావలెను. నిలువ యుంచుకొనువానితో కలిపి సుమారు 650.