నెల రోజుల్లో నవల

"రాయాలని ఉంది, కాని తీరిక ఏదీ?" ఈ మాట మీరు కూడా అనుకొని ఉంటారు. పగలంతా పనిచేసి, రాత్రివేళ ఈ పుస్తకం తెరిచేవారికి ఆ ఇబ్బంది నిజమైనదే. అయినా నెల తిరగకముందే నవల పూర్తిచేసిన రచయితలు ఉన్నారు. అది వారికి ఎలా సాధ్యమైందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. వేయిపడగలు

ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించిన నవలల పోటీ కోసం విశ్వనాథ సత్యనారాయణ 1934లో 'వేయిపడగలు' రాశారు. అంత పెద్ద నవల 29 రోజుల్లో పూర్తయింది. ఆయన చెబుతూ ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు. బహుమతిని ఈ నవలకూ, అడివి బాపిరాజు రాసిన 'నారాయణరావు'కూ కలిపి పంచారు. తరువాత పి.వి. నరసింహారావు 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. కాబట్టి రాయపూర్‌లోని మీ హిందీ మిత్రులకు కూడా దీని గురించి చెప్పవచ్చు.

2. ఆ వేగానికి కారణాలు

29 రోజులు పట్టింది కథ చెప్పడానికి మాత్రమే. సరుకు కూడింది అంతకుముందే. 1895లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన విశ్వనాథకు పల్లె జీవితం బాగా తెలుసు. నవలలోని సుబ్బన్నపేట కల్పితమే అయినా, అక్కడి మనుషులను ఆయన కొత్తగా వెతుక్కోనక్కరలేదు.

రెండవ కారణం గడువు. రష్యన్ రచయిత దొస్తోయెవ్‌స్కీ 1866లో గడువులోగా నవల ఇవ్వకపోతే తన రచనలపై హక్కులు పోగొట్టుకొనే స్థితిలో పడ్డాడు. అన్నా అనే సంక్షిప్తలేఖకురాలికి చెబుతూ 'జూదరి' నవలను 26 రోజుల్లో ముగించాడు.

ఇద్దరూ నోటితో చెప్పి రాయించినవారే అని గమనించండి.

3. రోజుకు ఎంత?

1999లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ, మిత్రులు కలిసి 21 మంది నెలలో నవల రాయాలని పందెం వేసుకున్నారు. తరువాత అది ఏటా జరిగే పెద్ద కార్యక్రమమైంది. దానిని నడిపిన సంస్థ 2025లో మూతపడుతున్నట్లు ప్రకటించింది. అందులో లక్ష్యం 50,000 మాటలు. 30 రోజులకు పంచితే రోజుకు సుమారు 1,667 మాటలు. కొండంత పని రోజువారీ పనిగా మారడమే ఇందులోని కీలకం.

4. మీరు ప్రయత్నించండి

మీకు రోజుకు ఒక పేజీ చాలు. నెలకు 30 పేజీలు, అంటే ఒక పెద్ద కథ. విజయనగరం మీదుగా రైలెక్కి రాయపూర్‌కు బతుకుతెరువు కోసం వచ్చిన పెద్దలు మీ ఇంట్లో ఉన్నారా? ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు చదవలేని పిల్లలు ఉన్నారా? ఆ పెద్దల అనుభవాలను ఇప్పుడు రాసిపెట్టకపోతే వారితోనే పోతాయి.

ఈ సూచనలు పాటించండి:

(అ) మొదట మనుషుల పేర్లు, ఊళ్లు, ముఖ్య సంఘటనలు ఒక కాగితంపై రాసుకోండి.
(ఆ) రోజూ ఒకే వేళకు కూర్చోండి.
(ఇ) చేయి సాగకపోతే మీరు చెప్పండి, ఇంట్లో ఒకరు రాస్తారు.
(ఈ) నెల ముగిసేవరకు వెనక్కి వెళ్లి దిద్దవద్దు. తప్పులున్నా ముందుకు సాగండి.
(ఉ) ముగిశాక వారం రోజులు పక్కన పెట్టి, తరువాత దిద్దండి.

నెలలో తయారయ్యేది చిత్తుప్రతి మాత్రమే. కాని దిద్దడానికి ముందు ఏదో ఒకటి కాగితం మీద ఉండాలి కదా!

పాఠగత ప్రశ్నలు

1. 'వేయిపడగలు' త్వరగా పూర్తికావడానికి తోడ్పడిన రెండు అంశాలు రాయండి.
2. చిత్తుప్రతి రాసేటప్పుడు వెంటనే ఎందుకు దిద్దకూడదు?
3. మీ కథకు మొదటి పేజీ ఈ రోజే రాయండి.